చదివి ఇవ్వాల్సిన బహుమతి

1897 డిసెంబర్ 18 నాటి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రొనాల్డ్ రాస్ రాసిన చిన్న వ్యాసం ఒకటి అచ్చయింది. మలేరియా రోగి రక్తం తాగిన రెండు దోమల పొట్టగోడల్లో తనకు కనిపించిన వింత కణాల గురించి, వాటిలోని నల్లటి రేణువుల గురించి ఆయన అందులో వివరించాడు. ఆ కణాలు ఆయన కంటపడింది అదే ఏడాది ఆగస్టు 20న, మన సికింద్రాబాద్‌లో. దోమలు రెండే అన్న సంగతి వ్యాసం శీర్షికలోనే ఉంది.

ఆ ఏడాది ఆ జర్నల్ ఉత్తమ పరిశోధన వ్యాసానికి బహుమతి పెట్టి ఉంటే అది రాస్‌కు దక్కేదా? ఎంపిక సంఘంలో జాగ్రత్తగా తూకం వేసే సభ్యుడెవరైనా మూడు అభ్యంతరాలు చెప్పి ఉండేవాడు. చూసింది రెండే దోమలు. ఆ దోమ ఏ జాతిదో రచయితకే తెలియదు, రెక్కల మీది మచ్చలను బట్టి గుర్తుపడుతున్నాడు. ఆ కణాలు మళ్లీ మనిషి ఒంట్లోకి ఎలా చేరతాయో వ్యాసంలో లేదు. మూడూ న్యాయమైన అభ్యంతరాలే. అయినా దోమకూ మలేరియాకూ ఉన్న లంకె మొదటిసారి కంటికి కనిపించింది ఆ పేజీల్లోనే. 1902లో రాస్‌కు నోబెల్ వచ్చింది. ఆయన పనిచేసిన బేగంపేట భవనం ఇప్పుడు ఉస్మానియా విశ్వవిద్యాలయం అధీనంలో, ఆయన పేరు మీదున్న పరాన్నజీవుల అధ్యయన సంస్థగా ఉంది.

ఒక జర్నల్ తన పేజీల్లో ఏడాది పొడవునా వచ్చిన పేపర్లలోంచి మేటి పేపర్‌ను ఎలా ఎంచుతుంది, ఎలా ఎంచాలి అన్నది హైదరాబాద్‌లోని తార్నాకలో ఉండేవాళ్లకు దూరపు ముచ్చట కాదు. చౌరస్తాకు ఒక పక్క ఉస్మానియా క్యాంపస్, ఆ వైపే జామై ఉస్మానియా దగ్గర జాతీయ పోషకాహార సంస్థ, ఉప్పల్ రోడ్డు మీద రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ, హబ్సిగూడ దాటితే జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ, భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ ఉన్నాయి. తార్నాక, హబ్సిగూడ, ఎన్‌జీఆర్‌ఐ అనే మూడు మెట్రో స్టేషన్ల మధ్య ఇంతమంది పరిశోధకులు పనిచేసే చోట్లు దేశంలో తక్కువ. వీళ్లలో చాలామందికి ‘బెస్ట్ పేపర్’ అన్న ఒక్క లైను బయోడేటాలో చేరితే ఫెలోషిప్ ఇంటర్వ్యూలో అడిగే ప్రశ్నలే మారిపోతాయి. పోస్టుల ఎంపికలో, ప్రమోషన్‌లో అది లెక్కకు వస్తుంది. డబ్బు కొంచెమే కావచ్చు, దాని వెంట వచ్చేవి పెద్దవి. అందుకే ఎంపిక ఎలా జరిగిందని అడిగే హక్కు పేపర్ రాసిన ప్రతి ఒక్కరికీ ఉంది.

ఇలాంటి బహుమతులు కొత్తవి కావు. సైన్స్ పురోగతి కోసం ఏర్పడిన అమెరికా సంఘం ఏఏఏఎస్, 1923లో వెయ్యి డాలర్ల బహుమతి ఒకటి మొదలుపెట్టింది. మొదట్లో దాన్ని సంఘం వార్షిక సమావేశంలో చదివిన పేపర్లకు ఇచ్చేవారు. ఆ సంఘం నడిపే ‘సైన్స్’ జర్నల్‌లో వచ్చిన పేపర్లకు ఇవ్వడం తర్వాతి మార్పు. 1925 జనవరి 1న వాషింగ్టన్ సమావేశంలో ఎడ్విన్ హబుల్ పేపర్‌ను, ఆయన రాకపోవడంతో, హెన్రీ నోరిస్ రస్సెల్ చదివి వినిపించాడు. ఆండ్రోమెడా మన పాలపుంతలో భాగం కాదని, దానికి ఎంతో అవతల ఉన్న మరో నక్షత్ర సమూహమని చాటిన పేపర్ అది. ఆ విడత బహుమతిని హబుల్, మరో శాస్త్రవేత్త సగం సగం పంచుకున్నారు. ఆ రెండో ఆయన లెమ్యుయెల్ క్లీవ్‌లాండ్. చెదపురుగుల పేగుల్లో ఉండి కలపను అరిగించే ఏకకణ జీవుల మీద ఆయన పనిచేశాడు.

ఆ ఎంపికను నిలబెట్టి చూస్తే రెండు సంగతులు తెలుస్తాయి. హబుల్ లెక్కగట్టిన దూరం సుమారు 9 లక్షల 30 వేల కాంతి సంవత్సరాలు. ఇప్పటి లెక్క దాదాపు 25 లక్షలు. అంకె అంత తప్పినా, ఆండ్రోమెడా పాలపుంతకు బయటిదన్న నిర్ణయం చెక్కుచెదరలేదు. సంఘం అంకెను కాక వాదన బలాన్ని చూసి సరైన పేపర్‌కే ఇచ్చింది. రెండోది, నక్షత్ర సమూహాన్నీ చెదపురుగునూ ఒకే తక్కెడలో వేయలేక పంచేసింది. శాస్త్రాలు వేరైనప్పుడు ‘ఏది గొప్ప’ అన్న ప్రశ్నకు జవాబు దొరకదు. అమెరికా జాతీయ సైన్స్ అకాడమీ జర్నల్ పీఎన్‌ఏఎస్ ఈ చిక్కును వేరేలా విప్పుకుంది. 2005లో మొదలై, 2007 నుంచి తమ పూర్వ ప్రధాన సంపాదకుడు నికొలస్ కొజరెల్లీ పేరుతో నడుస్తున్న బహుమతిని ఆ జర్నల్ అకాడమీలోని ఆరు విభాగాలకు ఆరుగా ఇస్తుంది. చెదపురుగుకు పోటీ మరో జీవి, నక్షత్రానికి పోటీ మరో భౌతిక శాస్త్ర ప్రశ్న.

ఇక ఎంపిక లోపల ఏం జరుగుతుందో చూద్దాం. ఏడాదికి 300 పేపర్లు వేసే జర్నల్ ఒకటుందని, ఐదుగురితో ఎంపిక సంఘం వేశారని అనుకుందాం. సొంత రంగంలోని పేపర్‌ను పద్ధతులు, పట్టికలు, అనుబంధాలతో సహా చదవడానికి ఒక పూట పడుతుంది. పక్క రంగం పేపరైతే రోజు గడిచిపోతుంది. క్లాసులు చెప్పుకుంటూ, ల్యాబ్ నడుపుకుంటూ ఆ ఐదుగురిలో ఒక్కరైనా 300 పేపర్లు చదవగలరా? చదవలేరు. కాబట్టి ఆ 300 ముందే పదికో పన్నెండుకో తగ్గి సంఘం బల్ల మీదికి వస్తాయి. బయటివాళ్ల దృష్టి ఎప్పుడూ చివరి ఓటింగ్ మీదే ఉంటుంది. నేను మాత్రం అసలు తీర్పు ఆ మొదటి వడపోతలోనే జరిగిపోతుందంటాను. షార్ట్‌లిస్ట్‌లో లేని పేపర్‌ను ఎంత నిష్పక్షపాతి అయినా గెలిపించలేడు.

ఆ వడపోత ఎవరు చేస్తారు? కొన్ని జర్నళ్లలో పేపర్‌ను మొదటినుంచీ చూసుకున్న సంపాదకులు తలా ఒకటో రెండో సూచిస్తారు. కొన్నింట్లో రివ్యూయర్లు ఇచ్చిన మార్కులను బట్టి పైవరసలో ఉన్నవాటిని తీసుకుంటారు. కొన్ని రచయితలనే దరఖాస్తు పెట్టుకోమంటాయి. ఇంకొన్ని నేరుగా సైటేషన్లు (ఆ పేపర్‌ను ఇతరులు ఎన్నిసార్లు ఉదహరించారన్న లెక్క), డౌన్‌లోడ్లు చూసి జాబితా దించేస్తాయి. ఒక్కో దారిలో ఒక్కో రకం పేపర్ జారిపోతుంది. సంపాదకుడికి ఆసక్తి లేని రంగం పేపర్‌ను సూచించేవాళ్లుండరు. కొత్త ఆలోచన తెచ్చిన పేపర్ మీద రివ్యూయర్లు తగువు పడతారు, దాని సగటు మార్కు పడిపోతుంది. దరఖాస్తు పద్ధతిలో మొహమాటస్తుడు వెనకబడతాడు. ‘మన పేపర్‌ను మనమే పొగుడుకుంటామా’ అని ఊరుకునేవాళ్లు మన దగ్గర చాలామంది, వాళ్లలో గైడ్ తోడ్పాటు లేని పిల్లలు మరీ ఎక్కువ. రెండు మూడు దారుల్లో వచ్చిన పేర్లను కలపడం ఒక ఉపాయం. ప్రతి సంపాదకుడూ తన రంగం బయటి పేపర్ ఒకటి తప్పనిసరిగా సూచించాలన్న నియమం పెడితే ఇంకా మంచిది. అతను బయటి పేపర్లు తిరగేయక తప్పదు.

సమీక్షా వ్యాసాలను ఈ పోటీలోంచి మొదట్లోనే తీసి పక్కన పెట్టాలి. ఒక రంగంలో పదేళ్ల పనిని గుదిగుచ్చి చెప్పే వ్యాసం అందరికీ అక్కరకొస్తుంది, అందరూ దాన్ని ఉదహరిస్తారు. ఆ శ్రమకు వేరే గౌరవం ఇవ్వవచ్చు. కొత్తగా ప్రయోగం చేసిన పేపర్‌తో దాన్ని పోటీకి దించడం రెండింటికీ అన్యాయమే.

సైటేషన్ల సంగతి కాస్త నిదానంగా చెప్పుకోవాలి, సంఘాలు ఎక్కువగా ఒరిగేది వాటి మీదికే కాబట్టి. అంకె అంటే ఎవరూ వేలెత్తి చూపరన్న భరోసా ఉంటుంది. కానీ జనవరిలో వచ్చిన పేపర్‌కూ డిసెంబర్‌లో వచ్చిన పేపర్‌కూ మధ్య పదకొండు నెలల తేడా ఉంది. మరుసటి మార్చిలో సంఘం కూర్చుంటే మొదటిదాన్ని ఉదహరించడానికి లోకానికి పద్నాలుగు నెలలు దొరికాయి, రెండోదానికి మూడే. ఇది సరిదిద్దుకోగల తేడా. అంతకంటే లోతైన చిక్కు మరొకటుంది.

మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో ఒక పేపర్ వేశారు. ఫాస్ఫరస్‌ను రంగుతో కొలిచే పద్ధతి అది. ఫాస్ఫేట్ ఉన్న ద్రావణాన్ని టెస్ట్‌ట్యూబ్‌లో తీసుకుని, ఆమ్లం కలిపిన మాలిబ్డేట్ పోసి, ఆపైన ఎమైనోనాఫ్తాల్ సల్ఫోనిక్ ఆమ్లం చేర్చి కాసేపు ఆగితే లేత నీలం తేలి నెమ్మదిగా ముదురుతుంది. ఫాస్ఫరస్ ఎంతుంటే నీలం అంత చిక్కన. ఆ చిక్కదనాన్ని తెలిసిన ద్రావణంతో పోల్చి కొలిస్తే లెక్క తేలిపోతుంది. తరాల తరబడి బయోకెమిస్ట్రీ విద్యార్థులు ప్రాక్టికల్స్‌లో చేసిన ప్రయోగం ఇది. ఫాస్ఫరస్‌ను కొలవాల్సిన ప్రతి ల్యాబూ ఆ పేపర్‌ను ఉదహరించింది, సైటేషన్లు వేలకు వేలు దాటాయి. అదే ఇద్దరు 1929లో ‘సైన్స్’లో వేసిన చిన్న పేపర్ ఏటీపీ గురించి. జీవకణం శక్తిని వాడుకునే నాణెం ఆ అణువే. ఆ అణువును కార్ల్ లోమాన్ జర్మనీలో విడిగా అదే ఏడాది కనుక్కున్నాడు. జీవశాస్త్రానికి రెండింటిలో ఏది పెద్దదంటే ఎవరూ తడుముకోరు. సైటేషన్లు లెక్కబెడితే కొలత పద్ధతి పేపర్ ముందు ఏటీపీ పేపర్ ఆనదు. ఏటీపీని ఉదహరించాల్సిన పని ఎవరికీ లేకుండా పోయింది. అది పాఠ్యపుస్తకంలోకి వెళ్లిపోయింది.

ప్రొటీన్‌ను కొలిచే పద్ధతి మీద ఆలివర్ లౌరీ 1951లో వేసిన పేపర్‌దీ ఇదే కథ. 2014లో ‘నేచర్’ జర్నల్ లెక్క తీసినప్పుడు దాని సైటేషన్లు 3 లక్షలు దాటి ఉన్నాయి, ప్రపంచంలో మొదటి స్థానం. అది తన గొప్ప పేపరేమీ కాదని లౌరీయే చెప్పుకున్నాడు. సైటేషన్ చెప్పేది ఆ పేపర్ ఎందరికి పనిముట్టు అయ్యిందన్నది. అది విలువైన సమాచారమే. ఆ పేపర్‌లో ఆలోచన ఎంత కొత్తది, సాక్ష్యం ఎంత గట్టిది అన్నవి వేరే ప్రశ్నలు.

మరి చదివి ఇచ్చే మార్కులు మాత్రం నమ్మదగినవేనా అని అడగాల్సిందే. 2014లో మెషీన్ లెర్నింగ్ రంగంలోని పెద్ద సదస్సు న్యూరిప్స్ నిర్వాహకులు ఒక ప్రయోగం చేశారు. 166 పేపర్లను ఒకదానికొకటి సంబంధం లేని రెండు కమిటీలకు విడివిడిగా ఇచ్చారు. ఒక కమిటీ ఒప్పుకున్న పేపర్లలో సగానికి పైగా రెండో కమిటీ చేతిలో తిరస్కరణకు గురయ్యాయి. కొన్నేళ్ల తర్వాత అదే నిర్వాహకులు వెనక్కి తిరిగి చూస్తే, ఒప్పుకున్న పేపర్లకు అప్పట్లో పడ్డ మార్కులకూ తర్వాత వచ్చిన సైటేషన్లకూ పొంతన కనిపించలేదు. బాగా లేని పేపర్లను ఏరెయ్యడం కమిటీలకు కాస్త చేతనయ్యింది. బాగున్నవాటిలో ఏది ఇంకా బాగుందన్నది చెప్పడం దగ్గర తడబడ్డాయి. బహుమతి సంఘం చేయాల్సింది సరిగ్గా ఆ రెండో పనే. అందుకే మొదటి స్థానానికీ నాలుగో స్థానానికీ మధ్య అర మార్కు తేడా ఉంటే దాన్ని దైవనిర్ణయంలా చూడకూడదు. రెండు పేపర్లు సమానంగా తోస్తే హబుల్‌కూ క్లీవ్‌లాండ్‌కూ చేసినట్టు పంచడమే నిజాయితీ.

మార్కుల కూడికలోనే ఎంత దాగి ఉంటుందో చిన్న లెక్క వేసి చూద్దాం. క, ఖ, గ అని మూడు పేపర్లు, ముగ్గురు జడ్జీలు, పదికి మార్కులు. మొదటి జడ్జి కకు 9, ఖకు 8, గకు 7 ఇచ్చాడు. రెండో ఆమె కూడా అచ్చంగా అవే వేసింది. మూడో ఆయన కకు 3, ఖకు 6, గకు 10 వేశాడు. కూడితే కకు 21, ఖకు 22, గకు 24. గ గెలిచింది. ఇప్పుడు అవే కాగితాల మీద మార్కులు వదిలేసి వరస మాత్రమే చూడండి. కకు 1, 1, 3 స్థానాలు, మొత్తం 5. ఖకు 2, 2, 2, మొత్తం 6. గకు 3, 3, 1, మొత్తం 7. తక్కువ మొత్తం వచ్చినది గెలవాలి కనక క గెలిచింది. మొత్తం వరసే తిరగబడింది. జడ్జీల అభిప్రాయాల్లో ఒక్క అక్షరం మారలేదు, మారింది కూడిన పద్ధతి.

ఎందుకిలా అంటే, మొదటి ఇద్దరూ 7కూ 9కీ మధ్యే తిరుగుతారు, మూడో ఆయన 3 నుంచి 10 దాకా చెయ్యి చాస్తాడు. కూడికలో చెయ్యి చాచినవాడి ఓటు బరువెక్కుతుంది. మన పరీక్ష పేపర్లు దిద్దే అధ్యాపకులకు ఇది చెప్పనక్కర్లేదు. చెయ్యి బిగించి దిద్దేవారినీ ధారాళంగా వేసేవారినీ అందరూ ఎరుగుదురు. స్థానాల లెక్కను 18వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లో జాన్-షార్ల్ బోర్డా ప్రతిపాదించాడు, అక్కడి సైన్స్ అకాడమీ సభ్యుల ఎన్నికకే దాన్ని వాడారు. అయితే స్థానాలూ అంతా చెప్పవు. ఆ ముగ్గురిలో గ పేపర్ రంగం నిజంగా తెలిసినవాడు మూడో ఆయన ఒక్కడే అయ్యుంటే? కలో మిగతా ఇద్దరికీ కనిపించని తప్పు ఆయనకు కనిపించే 3 వేసి ఉంటే? అలాంటప్పుడు రెండు లెక్కలూ ఆపి ఆయన చెప్పేది వినాలి. ముందు ఎవరికి వారు మార్కు, దాని కింద నాలుగు వాక్యాల కారణం రాసివ్వాలి. అవి అందాకే కూర్చుని మాట్లాడుకోవాలి. ఈ వరస తిరగబడితే, అంటే ముందు మాటలు తర్వాత మార్కులు అయితే, గదిలో పెద్దాయన మొదట నోరు విప్పిన పేపర్‌కే అందరి మార్కులూ పోతాయి. పెద్దల మాటకు ఎదురు చెప్పని మర్యాద మన క్యాంపస్‌లలో ఉన్నంత కాలం ఈ జాగ్రత్త తప్పదు.

పేరు చూసి పొంగే జబ్బు మనకే పరిమితం కాదు. 1982లో డగ్లస్ పీటర్స్, స్టీఫెన్ సెసీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. పేరున్న విశ్వవిద్యాలయాల వాళ్లు రాయగా అప్పటికే అచ్చయిన 12 పేపర్లను తీసుకున్నారు. రచయితల పేర్లూ సంస్థల పేర్లూ మార్చి కల్పిత పేర్లు పెట్టి, మొదట వాటిని వేసిన జర్నళ్లకే తిరిగి పంపారు. మూడింటిని మాత్రమే ఇవి పాతవని కనిపెట్టారు. మిగిలిన తొమ్మిదిలో ఎనిమిదిని తిరస్కరించారు. పద్ధతిలో లోపాలున్నాయన్నది ఎక్కువగా చెప్పిన కారణం. పేపర్ అదే, పైనున్న పేర్లు వేరు. పేరున్నవాడికే మరింత పేరు చేరుతుందన్న సంగతిని సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ మెర్టన్ 1968లోనే విడమరిచి రాశాడు.

బహుమతి విషయంలో ఇది ఇంకా కష్టం. పేపర్ ముందే అచ్చయి ఉంటుంది, పేరు దాచలేరు. మొదటి పేజీ తీసేసి ఇచ్చినా రంగంలో ఉన్నవాళ్లు పద్ధతిని బట్టి పోల్చేస్తారు. దాచలేనప్పుడు చేయగలిగింది బయటపెట్టడం. గైడ్, సహరచయిత, ఒకే డిపార్ట్‌మెంట్‌లోని వ్యక్తి, ఈమధ్య కలిసి ప్రాజెక్ట్ చేసినవాళ్లు, వీళ్లలో ఎవరి పేపర్ వచ్చినా ఆ సభ్యుడు ముందే చెప్పి ఆ చర్చ అయ్యేదాకా బయటికి వెళ్లాలి. నోరు మెదపకుండా గదిలోనే కూర్చుంటానంటే సరిపోదు. ఆయన ముఖం చూస్తూ ఆయన శిష్యుడి పేపర్‌ను మిగతావాళ్లు విమర్శించలేరు. తార్నాకలాంటి చోట ఇది మరీ అవసరం. ఇక్కడ ఒకరి గైడ్ మరొకరి ఎగ్జామినర్, ఒకరి క్లాస్‌మేట్ పక్క సంస్థలో డైరెక్టర్. బంధం ఉందని చెప్పుకోవడం తప్పు ఒప్పుకోవడమని ఎవరూ అనుకోనక్కర్లేదు. చిన్న ఊరిలాంటి శాస్త్రలోకంలో బంధాలు ఉండి తీరతాయి.

ఏ ప్రమాణాలతో చూడాలన్న దగ్గర జర్నళ్లు సాధారణంగా రాసే మాటలు ఒకేలా ఉంటాయి. కొత్తదనం, గట్టి సాక్ష్యం, స్పష్టత, ప్రభావం. మొదటి మూడింటి మీద నాకు పేచీ లేదు. నాలుగోదాన్ని మాత్రం విప్పి చూడాలి. ఎవరి మీద ప్రభావం?

జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి 1973లో ‘లాన్సెట్’లో ఒక పేపర్ వేశారు. ఫ్లోరైడ్ నీళ్ల ప్రాంతంలో మోకాళ్లు లోపలికి వంగి ఒకదానికొకటి తగులుతున్నవాళ్ల గురించి, వాళ్ల ఎముకలు గుల్లబారుతున్న తీరు గురించి అందులో రాశారు. ఫ్లోరోసిస్ అంటే ఎముకలు గట్టిపడి బిగుసుకుపోవడమని అప్పటిదాకా వైద్యులకు తెలుసు. నల్లగొండ జిల్లాలో ఆ జబ్బు గురించి 1955లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో సిద్దిఖీ పేపర్ వచ్చింది. 1973 పేపర్ అదే విషం మరో రూపాన్ని చూపించింది. ఈ విషయం మీద పనిచేసే ల్యాబులు ప్రపంచంలో ఎన్నుంటాయి? ఫ్లోరైడ్ నీళ్లు తాగే పేద ఊళ్లున్న కొద్ది దేశాల్లోనే. అలాంటి పేపర్‌కు కేన్సర్ పేపర్‌తో సమానంగా సైటేషన్లు రావు. బావి నీళ్లు తప్ప దిక్కులేని ఊరివాళ్లు లాన్సెట్‌ను ఉదహరించరు. సంఘంలో ఆ ఊళ్లు తెలిసిన సభ్యుడు ఒక్కడైనా లేకపోతే దాని విలువ చెప్పేవాళ్లే ఉండరు. ‘స్థానిక ప్రాముఖ్యం’ అని ఒక ముక్క రాసి పక్కన పెట్టేస్తారు. ప్రభావం అన్న గడిని రెండుగా చీల్చాలి. తోటి పరిశోధకుల పని ఎంత మారింది, మనుషుల బతుకు ఎంత మారగలదు అన్న రెంటికీ వేర్వేరు మార్కులు వేస్తే ఆ పొరపాటు కొంత తగ్గుతుంది.

ఒక్క ఏడాదిలో తెలియని విలువ కూడా ఉంటుంది. ఆంధ్రా యూనివర్సిటీలో గణితం చదివిన తెలుగువాడు సి.ఆర్. రావు 1944లో కలకత్తాలో పాఠం చెబుతుండగా ఒక విద్యార్థి ప్రశ్న వేశాడు. పెద్ద శాంపిళ్లకు గణాంక శాస్త్రవేత్త ఫిషర్ చెప్పిన పరిమితి చిన్న శాంపిళ్లకూ వర్తిస్తుందా అని. ఆ ప్రశ్నను పట్టుకుని రాసిన పేపర్ 1945లో కలకత్తా మ్యాథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో వచ్చింది. ఆయనకు అప్పుడు పాతికేళ్లు. ఒక అంచనా ఎంత కచ్చితంగా ఉండగలదో చెప్పే క్రామర్-రావు హద్దు, అంచనాను మెరుగుపరిచే రావు-బ్లాక్‌వెల్ సిద్ధాంతం, జ్యామితితో గణాంకాలను చూసే కొత్త దృష్టి, మూడింటికీ బీజాలు అందులోనే ఉన్నాయి. ఆ పనికి 2023లో ఆయనకు గణాంక శాస్త్రంలో అంతర్జాతీయ బహుమతి ప్రకటించారు. పేపర్ వచ్చి అప్పటికి 78 ఏళ్లు. ఆ ఆగస్టులోనే ఆయన కన్నుమూశారు. ఆయన పేరున గచ్చిబౌలిలోని హైదరాబాద్ విశ్వవిద్యాలయం క్యాంపస్‌లో గణిత, గణాంక, కంప్యూటర్ శాస్త్రాల సంస్థ ఉంది.

1945లోనే ఎవరైనా ఆ పేపర్‌కు ఆ ఏటి బహుమతి ఇవ్వగలిగేవారా? చదివితే ఇవ్వగలిగేవారే అని నా నమ్మకం. ప్రశ్న స్పష్టంగా ఉంది, రుజువు ఆ పేజీల్లోనే ఉంది. ఆ గణితం తెలిసిన సభ్యుడు కాగితం, కలం పట్టుకుని కూర్చుంటే సరిచూసుకోవచ్చు. దాని మీద ఎంత పెద్ద కట్టడం లేస్తుందన్నది మాత్రం ఎవరికీ తెలిసే వీలు లేదు. కంప్యూటర్ సైన్స్ సదస్సులు చాలావరకు ఈ తేడాను గుర్తించి, పదేళ్ల కిందటి పేపర్లలో నిలబడ్డవాటికి వేరే బహుమతి ఇస్తున్నాయి. మన జర్నళ్లు కూడా ఆ రెండో బహుమతి పెడితే బాగుంటుంది. అప్పుడు ఈ ఏటి సంఘం మీద జోస్యం చెప్పే భారం తగ్గి, కళ్లెదుట ఉన్నదాన్ని చదివే పని మిగులుతుంది. సైటేషన్లను కూడా ఆ పదేళ్ల బహుమతిలో ఒక సాక్ష్యంగా పిలవవచ్చు. వాటికి అక్కడ చోటుంది.

ఫలితం ప్రకటించేటప్పుడు గెలిచిన పేపర్ పేరుతో పాటు కారణం కూడా రాయాలి. ‘విశిష్ట కృషికి గుర్తింపుగా’ అన్న వాక్యం ఏ పేపర్‌కైనా అతుకుతుంది కనక దేనికీ అతకదు. ఏ ప్రశ్నకు జవాబు దొరికింది, ఏ పట్టికలో ఉన్న ఏ సాక్ష్యం సభ్యులను ఒప్పించింది, ఏ లోపం ఉన్నా ఎందుకు ఇచ్చారు అన్నవి పది వాక్యాల్లో చెప్పవచ్చు. పేపర్ చదవని సంఘం ఆ పది వాక్యాలు రాయలేదు. రాస్ పేపర్‌కే ఇవ్వాల్సి వస్తే ‘దోమలు రెండే, జాతి తేలలేదు, అయినా ఇంతకు ముందు ఎవరూ చూడనిది చూపించాడు’ అని రాయవలసి ఉండేది. ఓడిపోయిన పేపర్ల రచయితలు ఆ కారణం చదివితే ఒప్పుకోకపోయినా అర్థం చేసుకుంటారు.

బహుమతి ఇచ్చిన పేపర్ తర్వాత తప్పని తేలితే ఏం చేయాలన్నది మిగిలింది. 1960లో గోపాలన్, శ్రీకాంతయ్య ‘లాన్సెట్’లో వేసిన పేపర్‌ను తీసుకోండి. వాళ్లు పనిచేసిన సంస్థ 1958లోనే కూనూరు నుంచి హైదరాబాద్‌కు వచ్చింది, ఇప్పుడు దాన్ని జాతీయ పోషకాహార సంస్థ అంటున్నాం. పెల్లాగ్రా అంటే మొక్కజొన్న తినేవాళ్ల జబ్బని పేరు. చర్మం మాడి పొలుసులు లేచే ఆ జబ్బు ఇక్కడ జొన్నరొట్టె, జొన్న సంకటి మీద బతికేవాళ్లకు ఎందుకు వస్తోందన్నది వాళ్ల ప్రశ్న. జొన్నలో ఎక్కువగా ఉన్న లూసిన్ అనే అమైనో ఆమ్లం కారణమని వాళ్లు ప్రతిపాదించారు. తర్వాతి దశాబ్దాల్లో కొన్ని ల్యాబుల ఫలితాలు దానితో కలవలేదు, వాదం నడిచింది. ఆ పేపర్‌కు అప్పట్లో ఎవరైనా బహుమతి ఇచ్చి ఉంటే వెనక్కి తీసుకోవాల్సిన పని లేదు. ప్రశ్న మన ఆసుపత్రి వార్డుల్లోంచి వచ్చింది, కొలతలు నిజాయితీగా చేసినవి, ప్రతిపాదన ఇతరులు పరీక్షించేలా ఉంది. దొంగ డేటాతో, దిద్దిన ఫొటోలతో గెలిచిన పేపర్ సంగతి వేరు. దాని నుంచి బహుమతి తీసేసి, తీసేసినట్టు అదే జర్నల్‌లో అచ్చు వేయాలి. ఈ రెండింటికీ తేడా ఏమిటో, ఎవరు తేలుస్తారో, ఎంత గడువులో తేలుస్తారో బహుమతి ప్రకటన వెలువడేనాటికే నియమాల్లో ఉండాలి. ఫిర్యాదు వచ్చాక రాసుకుంటే, ఎవరి మీద వచ్చిందో తెలిసినవాళ్లే ఆ నియమం రాస్తారు.